ల్యాబులో ఎవరికెంత చోటు?

(జాతీయ సైన్స్ దినోత్సవం నాడు హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థలో, కొత్తగా చేరిన పరిశోధక విద్యార్థులనూ వాళ్ళ గైడ్లనూ ఉద్దేశించి ఒక సీనియర్ బయోకెమిస్ట్రీ ప్రొఫెసర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. గోడకి ఆనుకుని నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండి. ముందు వరస ఎవరికోసమో అట్టిపెట్టింది కాదు, ఖాళీగానే ఉంది. రండమ్మా, రండి.

ఇవాళ ఫిబ్రవరి 28. 1928లో ఇదే రోజున సి.వి. రామన్ గారు రామన్ ఎఫెక్ట్ కనుక్కున్నారు, అందుకే మనకి సైన్స్ డే. బీఎస్సీ చదివే రోజుల్లో మా హాస్టల్ గది గోడ మీద ఆయన ఫోటో పెట్టుకున్నాను. ఆయన మీద గౌరవం ఇప్పటికీ అలాగే ఉంది. అయినా ఇవాళ ఆయన గురించి ఒక కష్టమైన సంగతితోనే మొదలుపెడతాను. పెద్దవాళ్ళ గురించి మంచి ఒక్కటే చెప్పుకుంటే వాళ్ళ దగ్గర మనం నేర్చుకునేది సగమే అవుతుంది.

1933లో కమలా భాగవత్ అనే అమ్మాయి బొంబాయి యూనివర్సిటీ బీఎస్సీలో ఫస్టున పాసై, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరతానని దరఖాస్తు పెట్టుకుంది. అప్పుడు అక్కడ డైరెక్టర్ రామన్ గారే. ఆడపిల్లలని చేర్చుకునేది లేదని తిప్పికొట్టారు. ఆమె ఊరుకోలేదు. బెంగళూరు వెళ్ళి ఆయన ఎదుటే నిలబడి ఎందుకు చేర్చుకోరని అడిగింది. చివరికి షరతులు పెట్టి సీటిచ్చారు. మొదటి ఏడాది రెగ్యులర్ స్టూడెంట్‌గా లెక్క ఉండదు. గైడ్ చెబితే రాత్రుళ్ళు కూడా పనిచేయాలి. ల్యాబులో మగవాళ్ళ దృష్టి చెదరకుండా చూసుకోవాలి. ఏడాది ఆమె పని చూశాక రామన్ గారు మెత్తబడి ఒప్పుకున్నారు. తర్వాత ఆమె కేంబ్రిడ్జి వెళ్ళి, బంగాళాదుంపల మీద పనిచేస్తూ కణానికి శక్తి అందడంలో పనిచేసే సైటోక్రోమ్ సి అనే ప్రొటీన్ మొక్కల కణాల్లో కూడా ఉంటుందని చూపించి, 1939లో పీహెచ్‌డీ తీసుకుంది. పెళ్ళయ్యాక మనకి తెలిసిన పేరు కమలా సొహోనీ. సైన్సులో పీహెచ్‌డీ చేసిన తొలితరం భారతీయ మహిళల్లో ఒకరు.

కథ సుఖాంతమే కదా అనుకోవచ్చు. నాకు మాత్రం ఆ మొదటి ఏడాది దగ్గరే మనసు ఆగిపోతుంది. పక్క బల్ల మీద పనిచేసే కుర్రాళ్ళలో ఒక్కరినైనా 'నువ్వు ఇక్కడ ఉండదగ్గవాడివని ఏడాదిపాటు రుజువు చెయ్యి' అని అడగలేదు. ఆమెనే అడిగారు. ప్రయోగం అందరూ చేశారు. ప్రయోగంతో పాటు తనని తాను రుజువు చేసుకునే పని ఆమె ఒక్కదానికే అదనం. ఇవాళ మన ల్యాబుల్లో ఆ అదనపు పని ఎవరెవరు చేస్తున్నారో చూడమని అడగడానికే వచ్చాను.

నన్ను పిలుస్తూ పంపిన కాగితంలో 'సమానత్వం, వైవిధ్యం, సమ్మిళితత్వం' అని రాశారు. మా ల్యాబులో గాజుసామాను కడిగే అమ్మ ఒకావిడ ఉంది. ఆ కాగితం నా బల్ల మీద చూసి, కూడబలుక్కుని చదివి, "ఈ ఆఖరి మాటేంటి మేడమ్?" అని అడిగింది. "ల్యాబులో అందరికీ చోటుండాలని" అన్నాను. "చోటుంటే సరిపోద్దా మేడమ్, కూర్చోనియ్యాలిగా" అంది.

ఆ మాట అన్నాక గానీ నేను గమనించలేదు. పద్నాలుగేళ్ళుగా ఆవిడ మా దగ్గర పనిచేస్తోంది. సింకు దగ్గర ఒక స్టూలు లేదు. మధ్యాహ్నం అన్నం మెట్ల మీద కూర్చుని తింటుంది. స్టూడెంట్స్ గదిలో కూర్చోవద్దని ఎవరూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

చోటు అనగానే నాకు అమెరికాలో, ఎమ్‌ఐటీలో జరిగిన ఒక సంగతి గుర్తొస్తుంది. నాన్సీ హాప్కిన్స్ అని బయాలజీ ప్రొఫెసర్. 1990ల మొదట్లో జీబ్రాఫిష్ మీద పని మొదలుపెట్టారు. చేపల తొట్లు పెట్టుకోవడానికి ఇంకో 200 చదరపు అడుగులు ఇమ్మని అడిగారు. ఇవ్వలేదు. ఆవిడ ఒక టేపు తీసుకుని, బిల్డింగ్‌లో ఉన్న ల్యాబులన్నీ తిరిగి కొలిచారు. గదులు, బల్లలు, పరికరాలు పెట్టిన చోట్లు అన్నీ లెక్కవేశారు. ఎంతో సీనియర్ అయిన తనకంటే, నిన్నగాక మొన్న చేరిన మగ ప్రొఫెసర్లకి ఎక్కువ చోటు ఉందని తేలింది. అప్పటిదాకా ఆవిడకి మనసులో ఉన్నది ఒక అనుమానం. కొలిచాక అది డేటా అయింది.

ఆ తర్వాత ఆవిడ మిగతా మహిళా ప్రొఫెసర్లతో మాట్లాడారు. ఎవరికి వాళ్ళు ఇది తమ ఒక్కరి కష్టమే అనుకుంటున్నారు. 1994లో 16 మంది కలిసి డీన్‌కి ఉత్తరం ఇచ్చారు. కమిటీ వేసి చోటు, జీతాలు, గ్రాంట్లు, ఎవరి పేర్లు అవార్డులకి పంపుతున్నారు, ఎవరిని పెద్ద కమిటీల్లో వేస్తున్నారు, ఇవన్నీ లెక్కతీశారు. 1999లో రిపోర్టు బయటపెట్టారు. ఈ వివక్షలో కొంత నిజం, కొంత అపోహ అని ఇన్నాళ్ళూ అనుకున్నాననీ, నిజం పాలే చాలా ఎక్కువని ఇప్పుడు అర్థమైందనీ ఆ సంస్థ ప్రెసిడెంట్ చార్లెస్ వెస్ట్ ఆ రిపోర్టు ముందుమాటలో ఒప్పుకున్నారు.

ఆ రిపోర్టులో ఇంకో విషయం ఉంది, ఇక్కడున్న ఆడపిల్లలు జాగ్రత్తగా వినండి. కొత్తగా చేరిన మహిళా ప్రొఫెసర్లు తమకేమీ తేడా కనిపించడం లేదన్నారు. సీనియర్లు మాత్రం, తాము కూడా వయసులో ఉన్నప్పుడు అలాగే అనుకున్నామని చెప్పారు. పైకి వెళ్ళేకొద్దీ కొద్దికొద్దిగా పక్కకి జరిపేశారట. ఒక్కరోజులో ఎవరూ తలుపు వేయలేదు. అందుకే తెలియలేదు.

నాకూ అలాగే తెలియలేదు. నాది పశ్చిమ గోదావరి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, మా నాన్న ఆర్టీసీ కండక్టరు. నేను పీహెచ్‌డీ చేసిన చోటు పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరం లేదు. ఒక ఎంజైమ్‌ని శుద్ధి చేయడం నా పని. కోల్డ్ రూమ్ అంటే తెలుసు కదా, నాలుగు డిగ్రీలు. మే నెలలో బయట నలభై రెండు ఉంటే లోపల స్వెట్టర్ వేసుకుని కాలమ్ ముందు, అంటే ఎంజైమ్‌ని వేరుచేసే గొట్టం ముందు, కూర్చునేదాన్ని. ఒక్కో ట్యూబులో చుక్కలు లెక్కపెట్టుకుంటూ, రాత్రి రెండింటికి ట్యూబులు మార్చుకుంటూ రెండేళ్ళు. మొదటిసారి జెల్ మీద ఒకే ఒక్క బ్యాండ్ వచ్చిన రోజు, అంటే ఎంజైమ్ శుద్ధి అయిందని తేలిన రోజు, ఏడ్చేశాను.

తర్వాత డెలివరీకి పుట్టింటికి వెళ్ళాను. మూడు నెలలకి తిరిగి వచ్చేసరికి ఆ పని మీద రాసిన పేపరు జర్నల్‌కి వెళ్ళిపోయింది. నా పేరు మూడోది. నేను లేని ఆ మూడు నెలల్లో చివరి రెండు ప్రయోగాలు చేసినతని పేరు మొదటిది. సార్‌ని అడిగితే, "నువ్వు లేవుగా అమ్మా" అన్నారు. కోపంతో అనలేదు, ఎంతో మామూలుగా అన్నారు. ఆయన నన్ను కూతురిలా చూసుకున్నారు కూడా. లేవుగా అన్న ఆ ఒక్క మాటలో నా రెండేళ్ళూ పోయాయి. ఇప్పుడు యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, రూలు ఉంది. పీహెచ్‌డీ కాలంలో ఒకసారి 240 రోజుల దాకా ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. గడువు కూడా ఆడవాళ్ళకి, నలభై శాతం దాటిన వైకల్యం ఉన్నవాళ్ళకి అదనంగా రెండేళ్ళు ఇస్తారు. సెలవు రూలు ఇస్తుంది. సెలవులో ఉన్నప్పుడు పేపరు మీద పేరు ఎక్కడ ఉండాలో రూలు చెప్పదు, గైడ్ చెప్పాలి. మా ల్యాబులో ఇప్పుడు ప్రాజెక్టు మొదలుపెట్టిన రోజే ఎవరు ఏం చేస్తారు, ఎవరి పేరు ఎక్కడ అని ఒక కాగితం మీద రాసుకుంటున్నాం. మారితే అందరి ముందూ మాట్లాడుకుని మారుస్తాం.

ఇదంతా పడ్డదాన్ని కాబట్టి నేను న్యాయంగా ఉంటానని నమ్ముకున్నాను. ఉండలేదు.

2012లో అమెరికాలో ఒక ప్రయోగం చేశారు. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ చెప్పే 127 మంది ప్రొఫెసర్లకి ల్యాబ్ మేనేజర్ ఉద్యోగం కోసం ఒకే దరఖాస్తు పంపారు. సగం మందికి పంపినదాంట్లో పేరు జాన్, మిగతా సగానికి జెన్నిఫర్. మిగతా అక్షరం అక్షరం ఒకటే. జాన్‌కే సామర్థ్యం ఎక్కువన్నారు. జీతం జాన్‌కి ఏడాదికి సగటున 30 వేల డాలర్ల పైచిలుకు, జెన్నిఫర్‌కి 26 వేల 500 ఇవ్వొచ్చన్నారు. మగ ప్రొఫెసర్లు ఎలా చేశారో ఆడ ప్రొఫెసర్లు కూడా సరిగ్గా అలాగే చేశారు. ఆ పేపరు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే అంతకు ముందు వారమే ఇంటర్వ్యూ బోర్డులో కూర్చుని ఒక అమ్మాయిని, "పెళ్ళి ఎప్పుడమ్మా, మధ్యలో మానేస్తావా?" అని అడిగాను. ఆ తర్వాత వచ్చిన నలుగురు అబ్బాయిల్లో ఒక్కరినీ ఆ ప్రశ్న అడగలేదు. నన్ను ఇరవై ఏళ్ళ కిందట అడిగిన ప్రశ్నే అది. అదే గొంతుతో నేనే అడిగాను.

ఇంకో సంగతి చెబుతాను. ఇది చెప్పడానికే ఎక్కువ టైమ్ తీసుకుంటాను.

మా ల్యాబులో ఒక అబ్బాయి ఉండేవాడు. ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. నెమ్మదస్తుడు. లేచి నిలబడి "మేడమ్" అని గానీ మాట మొదలుపెట్టడు. ల్యాబ్ మీటింగ్‌లో అతని స్లైడ్లు వేస్తే ఫోటోలన్నీ మసగ్గా ఉండేవి. మిగతా పిల్లల ఫోటోల్లో కణాలు నక్షత్రాల్లా మెరుస్తుంటే ఇతనివి ఆరిపోయిన దీపాల్లా ఉండేవి. ఒకసారి కాదు, మూడు నెలలు అంతే. "టెక్నిక్ రాలేదు మేడమ్, చేతిలో పట్టు లేదు" అని సీనియర్లు అన్నారు. నేనూ నమ్మాను. అతని రిపోర్టులో 'నైపుణ్యం ఇంకా రావాలి' అని నా చేత్తో రాశాను.

ఆ ఏడాది, ఈ ఫోటోలు తీసే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ రిపేరు ఖర్చు గురించి అకౌంట్స్ వాళ్ళు లెక్క అడిగారు. బుకింగ్ షీట్లు ముందేసుకుని కూర్చున్నాను. ఎవరు ఎన్ని గంటలు వాడారో గీతలు గీసుకుంటూ పోతే, ఈ అబ్బాయి పేరు పగటి పూట ఎక్కడా కనిపించలేదు. ఉన్నవన్నీ రాత్రి పది తర్వాత. మూడు నెలల్లో పగటి స్లాటు ఒక్కటంటే ఒక్కటి లేదు. పిలిచి అడిగితే, "ఫర్వాలేదు మేడమ్, నాకలవాటే" అన్నాడు. గుచ్చి గుచ్చి అడిగితే అసలు విషయం బయటపడింది. స్లాట్లు ఎవరికెప్పుడు కావాలో పిల్లలు ముందురోజు రాత్రి ఒక వాట్సాప్ గ్రూపులో మాట్లాడుకునేవాళ్ళు. పొద్దున షీటు మీద రాసేసరికి పగలంతా నిండిపోయేది. ఆ గ్రూపు నిజానికి స్లాట్ల కోసం పెట్టింది కాదు, కలిసి భోజనానికి వెళ్ళేవాళ్ళు పెట్టుకున్నది. ఇతను మెస్సు నుంచి క్యారేజీ తెచ్చుకుంటాడు. కాబట్టి ఇతన్ని గ్రూపులో వేయలేదు. అంతే.

ఇక్కడున్న బయాలజీ పిల్లలకి ఈపాటికి అర్థమై ఉంటుంది. కణాలకి రంగు వేసేది పొద్దున. ఇతనికి మైక్రోస్కోప్ దొరికేది రాత్రి. ఫ్లోరసెంట్ రంగు అన్ని గంటలు అలా నిలబడదు, వెలిసిపోతుంది. ఆ ఫోటోల మసక అతని చేతిది కాదు, స్లాటుది. మేం దాన్ని చదివి అతనికి నైపుణ్యం లేదని తేల్చాం. మర్నాటి నుంచి స్లాట్లన్నీ గోడ మీద షీటులోనే, వారానికి ఒకసారి, అందరి ముందూ అని పెట్టాం. పగటి స్లాట్లు వంతుల వారీగా తిరుగుతాయి. రెండో వారంలో అతను పగలు తీసిన మొదటి ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. రిపోర్టులో రాసిన ఆ వాక్యం కొట్టేయించడానికి మాత్రం ఆఫీసు చుట్టూ మూడు సార్లు తిరిగాను. అతనిప్పుడు ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్.

'అడగనిదే అమ్మయినా పెట్టదు' అంటాం. ల్యాబుల్లో జూనియర్లకి ఈ సామెత రోజూ చెబుతాం. ఆ అబ్బాయి ఎందుకు అడగలేదు అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. అడిగితే ఏమంటారో తెలియని చోట, అడిగాక తనని ఇంకెలా చూస్తారో తెలియని చోట మనిషి అడగడు. అమ్మని అడగడం వేరు. ల్యాబులో అడగగలగడం అనేది కొందరు ఇంటి నుంచి తెచ్చుకుంటారు. నాన్న ప్రొఫెసర్ అయితే సార్‌తో ఎలా మాట్లాడాలో పదేళ్ళకే తెలుస్తుంది. మా నాన్న కండక్టరు కాబట్టి నాకు అది ముప్పై ఏళ్ళకి తెలిసింది.

'మెరిట్' అనే మాట వస్తుంది ఇప్పుడు. నాకు ఆ మాట మీద ఇష్టమే. కానీ ఏ మీటరునైనా క్యాలిబ్రేట్ చేయకుండా, అంటే సరిగ్గా చూపిస్తోందో లేదో సరిచూసుకోకుండా, దాని రీడింగ్ రాసుకోకూడదని మొదటి వారంలోనే మీకు నేర్పిస్తాం. మనిషి మెరిట్ దగ్గరికి వచ్చేసరికి ఆ పాఠం ఎందుకు మర్చిపోతాం? మేఘనాద్ సాహా కలకత్తాలో ప్రెసిడెన్సీ కాలేజీలో చదివేటప్పుడు, ఆయన కులం కారణంగా హాస్టల్లో పై కులాల కుర్రాళ్ళు ఆయనతో కలిసి భోజనం చేసేది లేదన్నారు. వాళ్ళందరిదీ మెరిట్టే. 1920లో నక్షత్రాల వేడికీ వాటి వెలుగులో కనిపించే గీతలకీ లంకె చెప్పిన సమీకరణం ఇచ్చింది ఆ పక్కన పెట్టిన కుర్రాడే.

మన తెలుగువాళ్ళం కులం నేరుగా అడగం. "మీ ఇంటిపేరేంటి?" అంటాం. "ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు?" అంటాం. "ఎంట్రన్స్‌లో ర్యాంకెంత?" అంటాం. ర్యాంకు అడిగేవాళ్ళకి కావలసింది ర్యాంకు కాదని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. చేరిన మొదటి వారం ఈ ప్రశ్న ఎదుర్కొన్న పిల్లవాడు ఆ రోజు నుంచి తక్కువ మాట్లాడతాడు. ఇది విమానమెక్కి విదేశాలకీ వెళ్ళింది. అమెరికాలో బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో కులవివక్షని తమ నిషేధాల జాబితాలో పేరుపెట్టి చేర్చాల్సి వచ్చింది. గైడ్లకి నా విన్నపం ఒక్కటే. ఇంటర్వ్యూలో గానీ ల్యాబులో గానీ ఈ మూడు ప్రశ్నలూ ఎవరైనా అడిగితే, అక్కడే, అప్పుడే, "ఆ ప్రశ్న వద్దండి" అనండి. తర్వాత విడిగా చెబుదాంలే అనుకుంటే ఆ పిల్లవాడికి మీరు చెప్పినట్టు తెలియదు.

ఫెలోషిప్ సంగతి. జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్, ఇప్పుడు నెలకి 37 వేలు. కాగితం మీద బావుంది. అది నాలుగైదు నెలలు రాకపోవడం ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఇంట్లో జీతం వచ్చేవాళ్ళుంటే ఆలస్యమైనా చిరాకుతో సరిపోతుంది. ఇంటికి డబ్బు పంపాల్సిన పిల్లవాడికి అది అప్పు అవుతుంది, మెస్ బిల్లు దగ్గర తలవంపు అవుతుంది. 2016 జనవరి 17 ఈ ఊళ్ళో చదువు చెప్పేవాళ్ళెవరూ మర్చిపోకూడని తేదీ. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య చేసుకుని మనకి లేకుండా పోయిన రోజు. చివరి ఉత్తరంలో కూడా ఆ అబ్బాయి తనకి రావలసిన ఏడు నెలల ఫెలోషిప్ గురించి రాశాడు. ఆ డబ్బు ఇంట్లోవాళ్ళకి అందేలా చూడమని అడిగాడు. ఆ ఉత్తరం మీద దేశమంతా ఎన్నో మాట్లాడుకుంది. నేను గైడ్‌ని కాబట్టి ఆ లైను దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత నుంచి నెల మొదటి వారంలో మా పిల్లల్ని ఒక్కొక్కరినీ "డబ్బులు పడ్డాయా?" అని అడుగుతున్నాను. పడకపోతే కాగితం పట్టుకుని సెక్షన్‌కి నేనే వెళ్తాను. స్కాలర్ వెళ్తే రేపు రమ్మంటారు. ప్రొఫెసర్ వెళ్తే కుర్చీ వేస్తారు. ఆ కుర్చీని మన పిల్లల పని కోసం వాడుకుందాం.

కొన్ని చిన్నవి గబగబా చెప్పేస్తాను. గ్లవ్స్ ఆర్డర్ పెట్టేటప్పుడు మీడియం, లార్జ్ మాత్రమే పెట్టొద్దు. చిన్న చేతికి లార్జ్ గ్లవ్ వేస్తే వేలి చివర ఖాళీ మిగిలి ట్యూబు మూత పట్టు దొరకదు. యాసిడ్ పట్టుకున్నప్పుడు అది ప్రమాదం. బొమ్మల్లో ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన వేయొద్దు, ఆ రెండూ వేరుగా కనపడని కళ్ళు ఈ హాల్లోనే కొన్ని ఉంటాయి. ఎరుపు బదులు మెజెంటా వేయండి, ఖర్చేమీ లేదు. ల్యాబ్ మీటింగ్ సాయంత్రం ఆరున్నరకి పెట్టకండి. చంటిపిల్లలున్నవాళ్ళు, సిటీ అవతలి నుంచి రెండు బస్సులు మారి వచ్చేవాళ్ళు ఒక కన్ను గడియారం మీద పెట్టి కూర్చుంటారు. వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది. ఉన్నత చదువుల్లో ఐదు శాతం సీట్లు కూడా ఇచ్చింది. సీటొచ్చిన పిల్ల వీల్‌చెయిర్‌లో వస్తే ఘాటు వాయువుల్ని బయటికి లాగే మన ఫ్యూమ్‌హుడ్ ఎత్తెంత, సేఫ్టీ షవర్ గొలుసు అందుతుందా? ఈ ప్రశ్న ఆ పిల్ల వచ్చాక వేసుకుంటే ఆలస్యమే.

భాష కూడా. మణిపూర్ అమ్మాయో, బెంగాల్ అబ్బాయో ల్యాబులో ఉన్నప్పుడు మనం నలుగురం తెలుగులో ప్రయోగం గురించి మాట్లాడుకుంటే వాళ్ళకి పోయేది సరదా కబుర్లు కాదు, సైన్సు పోతుంది. ఢిల్లీలో హిందీ మధ్య మన పిల్లలు అలాగే బిక్కమొహం వేసుకుని కూర్చుంటారు, వాళ్ళని అడగండి. అలాగే తెలుగు మీడియంలో చదివిన పిల్లవాడు ఇంగ్లీషులో తడబడితే, ముందు తెలుగులో చెప్పమనండి. ఆలోచన బయటికి రానివ్వండి, వ్యాకరణం తర్వాత దిద్దుకుందాం.

ఒక చిన్న పరీక్ష. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ప్రతి విద్యాసంస్థలో వివక్ష ఫిర్యాదులు చూసే అధికారి ఒకరు ఉండాలి. మన దగ్గర ఆ అధికారి ఎవరో తెలిసినవాళ్ళు చేతులెత్తండి... నలుగురు. నలుగురూ ఫ్యాకల్టీయే. పిల్లల్లో ఒక్క చెయ్యి లేదు. డీన్ గారు ఇక్కడే ఉన్నారు. సార్, ఆ పేరు, ఫోన్ నంబరు రేపు ప్రతి అంతస్తులో లిఫ్టు పక్కన పెట్టించండి. లైంగిక వేధింపుల కమిటీ సభ్యుల పేర్లు కూడా దాని పక్కనే.

ఇక మన తెలుగు మనిషి గురించి, ఆయన్ని తల్చుకోకుండా నేను మాట ముగించలేను. మీరంతా ప్రాక్టికల్స్‌లో ఫాస్ఫరస్ కొలవడానికి ఫిస్కే–సుబ్బారో మెథడ్ చేసి ఉంటారు. ట్యూబులో నీలం రంగు తేలుతుంది. ఆ సుబ్బారో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకుని ఆపరేషన్ గదికి వచ్చారని సర్జరీ ప్రొఫెసర్‌కి కోపం. ఎంబీబీఎస్ రావలసిన మనిషికి అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. 1922లో బోస్టన్ చేరి, చదువుకోవడానికి డబ్బుల్లేక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరు పని చేశారు. రోగుల మలమూత్రాల పళ్ళేలు కడిగారు. తర్వాత హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి, కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుందో తెలిపే ఫాస్ఫోక్రియాటిన్‌ని కనుక్కున్నారు. హార్వర్డ్ ఆయనకి పర్మనెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1946 దాకా మనవాళ్ళకి ఆ దేశంలో పౌరసత్వం తీసుకునే హక్కు కూడా లేదు. 1940లో లెడర్లీ కంపెనీకి వెళ్ళిపోయారు. అక్కడ ఆయన బృందం చేతుల మీదుగా ఫోలిక్ ఆసిడ్ తయారీ, ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్, బోదకాలుకి వాడే హెట్రజాన్ వచ్చాయి. మా గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత ఉండేదో మా అమ్మమ్మ కాళ్ళు చూసిన నాకు తెలుసు. 1948లో, 53 ఏళ్ళకే పోయారు. హార్వర్డ్‌లో ఆయనకి ఒక గది, ఒక పర్మనెంట్ బల్ల ఉండి ఉంటే ఇంకేం చేసేవారో నేను చెప్పలేను. కొలవడానికి వీల్లేని నష్టం అది. కొలవగలిగినవైనా కొలవమని అడుగుతున్నాను.

నేను ఈ మధ్య ఒక టేపు కొన్నాను. వచ్చే నెలలో మా డిపార్ట్‌మెంటులో ఒక్కో స్కాలర్‌కి ఎంత బల్ల, ఫ్రీజర్‌లో ఎన్ని అరలు, ఏ పరికరం మీద పగలు ఎన్ని గంటలు, ఏ కాన్ఫరెన్స్‌కి ఎవరిని పంపాం, ఇవన్నీ రాసి నోటీసు బోర్డు మీద పెడుతున్నాం. సింకు దగ్గర స్టూలు వచ్చేసింది. పిల్లల గదిలో ఆ అమ్మ కూర్చుని తినడానికి మాత్రం ఇంకా మొహమాటపడుతోంది. అందుకని వారంలో రెండు రోజులు నేనే క్యారేజీ తీసుకుని వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంటున్నాను.

ఇక ప్రశ్నలు. 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. పది దేశాల్లో 35 సంస్థల్లో 247 సెమినార్లలో కూర్చుని, ప్రశ్నలు ఎవరు అడుగుతున్నారో లెక్కపెట్టారు. ఆడవాళ్ళకంటే మగవాళ్ళు అడగడం రెండున్నర రెట్లు ఎక్కువ. మొదటి ప్రశ్న మగవాళ్ళది అయితే ఆ తర్వాత ఆడవాళ్ళ ప్రశ్నలు ఇంకా తగ్గాయి. అందుకని ఇవాళ ప్రొఫెసర్లు కాసేపు ఓపిక పట్టండి. తెలుగులో అడగొచ్చు, ఇంగ్లీషులో అడగొచ్చు, హిందీలో అడిగితే నేను తడుముకుంటూ జవాబు చెబుతాను.

మైకు వెనక వరసకి ఇవ్వండి బాబూ. కిటికీ పక్కన, ఆకుపచ్చ డ్రెస్ వేసుకున్న అమ్మాయికి. ఇందాకటి నుంచీ చెయ్యి సగం ఎత్తి దించేస్తోంది. ఊఁ, చెప్పమ్మా.